పధ్నాలుగు నెలల కాపురం తర్వాత మా మోటర్‌హోమ్ గురించి

2024 సంక్రాంతి వెళ్లిన వారానికి మా మోటర్‌హోమ్ చేతికి వచ్చింది. 2025 మార్చికి పధ్నాలుగు నెలలు నిండాయి. ఈ కాలంలో 371 రాత్రులు అందులోనే పడుకున్నాము, 21,400 కిలోమీటర్లు తిరిగాము, రెండు పూటలా వంట అందులోనే చేసుకున్నాము. కడపలోని మా ఇంటిని అద్దెకిచ్చి, చిరునామా కోసం, పాత సామాను కోసం మిద్దెపైన ఒక గది మాత్రం ఉంచుకున్నాము. మావారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. బండి బాగోగులు ఆయన చూసుకుంటారు, లెక్కల పుస్తకం నా దగ్గర ఉంటుంది. ఈ సమీక్షలో మా బండికి సంబంధించిన అంకెలన్నీ ఆ పుస్తకంలోనివే.

వారం రోజుల విహారానికి పనికొచ్చే బండి వేరు, ఏడాది పొడవునా సంసారం చేయదగిన బండి వేరు. అమ్మేవాళ్లు చూపించేది దాదాపు ఎప్పుడూ మొదటి రకమే. మెరిసే అల్మరాలు, రంగురంగుల దీపాలు, తోలు సోఫా, పెద్ద టీవీ కొనేముందు కంటికి ఆనతాయి. బండి మొత్తం బరువెంత, మే నెల మధ్యాహ్నం లోపల ఎంత వేడిగా ఉంటుంది, నీళ్ల మోటారు ఆగిపోతే దానికి చేయి పట్టే చోటుందా, టైరు పేలితే అదే సైజు టైరు ప్రొద్దుటూరులోనో గుత్తిలోనో దొరుకుతుందా అన్న ప్రశ్నలు మాత్రం కొన్న మూడు నెలలకు గాని గుర్తుకు రావు. మేము ఈ ప్రశ్నల్లో కొన్నింటిని ముందే అడిగాము. అడగని వాటికి తర్వాత డబ్బు కట్టుకున్నాము.

బండి ఎంపికకే ఎనిమిది నెలలు పట్టింది. మొదట చూసింది సెకండ్ హ్యాండ్ టెంపో ట్రావెలర్లు. పసుపు నంబరు ప్లేటుతో టూరిస్టులకు తిరిగిన బండ్లు అనంతపురంలోనూ కడపలోనూ తక్కువ ధరకే దొరుకుతాయి. సీట్లు పీకేసి మంచం బిగించుకుంటే సరిపోతుందని చాలామంది సలహా ఇచ్చారు. అది సరిపోదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని మరోసారి గట్టిగా చెప్పింది. అనుమతి లేకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ వాదనకు దిగడానికి ఆ ఒక్క కారణం చాలు. ఇలా ఇల్లుగా కట్టిన బండ్లకు, అంటే మోటర్ క్యారవాన్లకు, మన దేశంలో ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. దాని ప్రకారం పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదం పొందిన నమూనానే కట్టించి ఇచ్చే వర్క్‌షాపు దగ్గరకు వెళ్లడం మంచిదని తేల్చుకున్నాము. మా పత్రంలో వాహన తరగతి సొంత వాడకానికి ఉద్దేశించిన క్యాంపర్ వ్యాన్ అని ఉంది. అది రవాణా వాహనం కాదు కాబట్టి మామూలు కారు లైసెన్సుతోనే మావారు నడుపుతున్నారు, అవసరమైతే నేనూ నడుపుతున్నాను.

తర్వాతి ప్రశ్న ఏ బండి మీద కట్టించాలన్నది. టాటా వింగర్ ముందు చక్రాలతో నడిచే బండి. నేల మట్టం కిందికి ఉంటుంది, ఎక్కి దిగడానికి మోకాళ్ల నొప్పులవాళ్లకు సుఖంగా ఉంటుంది, సాఫీగా పోతుంది. నగరాల మధ్య తిరిగేవాళ్లకు నేను దాన్నే చెబుతాను. మేము మాత్రం గండికోట దగ్గరి చేల బాటలు, బెలూం చుట్టుపక్కల నాపరాళ్ల క్వారీ దారులు, నల్లమల అంచు ఊళ్లు తిరగాలనుకున్నాము. ఆ దారులకు, పైగా వెనకభాగంలో నీళ్లూ బ్యాటరీలూ మోయాల్సిన బండికి, వెనక చక్రాలతో నడిచేదీ కమాను కట్టలున్నదీ మేలని మావారు పట్టుబట్టారు. అలా ఫోర్స్ ట్రావెలర్ ఖాయమైంది. దాని 2,596 సీసీ డీజిల్ ఇంజను వంశం పాత మెర్సిడెస్ ఇంజన్ల నుంచి వచ్చింది. మన దగ్గర పెళ్లి బండ్లుగా, స్కూలు బండ్లుగా, అంబులెన్సులుగా తిరిగేవి ఎక్కువగా ఇవే కాబట్టి, ఫిల్టర్లూ బ్రేకు షూలూ తెలిసిన మెకానిక్ ప్రతి తాలూకా కేంద్రంలోనూ ఉంటాడు. పూర్తికాలం బండిలో ఉండేవాళ్లకు ఇది తీసిపారేసే విషయం కాదు. మామూలు మనిషికి బండి షెడ్డుకు వెళితే ఆటోలో ఇంటికి పోవచ్చు. మాకు బండి షెడ్డులో ఉంటే ఇల్లే షెడ్డులో ఉన్నట్టు. పధ్నాలుగు నెలల్లో ఇంజను వైపు నుంచి మాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆయిలు, ఫిల్టర్లు, ఒకసారి క్లచ్ సర్దుబాటు, అంతే. పూర్తి బరువుతో జాతీయ రహదారి 44 మీద లీటరుకు 9.6 కిలోమీటర్లు సగటున వచ్చింది.

ఇక లోపలి పని. దాన్ని చేసిన వర్క్‌షాపు పేరు రాయను, ఎందుకంటే వాళ్లు చేసిన మంచి పనితో పాటు తప్పులూ చెప్పాలి. వాటిలో కొన్నింటిని వాళ్లే తర్వాత సరిదిద్దారు.

మొదటి తప్పు బరువు. వాళ్లు చూపించిన నమూనా బండిలో అల్మరాలు, మంచం పెట్టె, వంటగట్టు, బాత్రూము గోడ అన్నీ 19 ఎంఎం ప్లైవుడ్‌తో ఉన్నాయి. "గట్టిగుంటాది మేడమ్, ఇంట్లో చేయించినట్టే" అని మేస్త్రీ గొప్పగా చెప్పాడు. ఇంటికి గట్టిదనం మంచిదే, కాని ఇల్లు కదలదు. ఎనిమిదడుగులకు నాలుగడుగుల 19 ఎంఎం షీటు దాదాపు 35 కిలోలు తూగుతుంది, 12 ఎంఎం షీటు 22 కిలోలు. మా బండికి ఇరవై రెండు షీట్లు పట్టాయి. లెక్క చూస్తే ఒక్క చెక్కలోనే దాదాపు 280 కిలోల తేడా వస్తుంది. అంటే నలుగురు మనుషుల్ని అల్మరాల్లో కూర్చోబెట్టి ఏడాదంతా తిప్పడమే. మేము పోట్లాడి మంచం కింది చట్రానికి అల్యూమినియం పైపులు, తలుపులకు 9 ఎంఎం, మిగతా వాటికి 12 ఎంఎం వేయించాము. పధ్నాలుగు నెలల్లో ఏ తలుపూ వంగలేదు.

బండి తీసుకున్న రోజునే తాడిపత్రి దారిలో నాపరాళ్ల లారీలు తూచే వేబ్రిడ్జి మీదికి ఎక్కించాము. ఫుల్ ట్యాంకు డీజిల్, నిండా నీళ్లు, గ్యాసు, బియ్యం, బట్టలు, మేమిద్దరం, అన్నీ కలిపి తూచితే పత్రంలో రాసిన గరిష్ఠ బరువుకు ఇంకా 310 కిలోలు మిగులుంది. ఇక్కడితో ఆగి సంతోషపడేవాళ్లమే. కాని కాటా దగ్గరున్న పిల్లవాడు బండిని చూసి, "అక్కా, కుడిపక్క వంగినట్టుంది, ఒకపక్క చక్రాలే ఎక్కించి చూడండి" అన్నాడు. కుడి చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలిపాము, తర్వాత ఎడమవి. కుడిపక్క 140 కిలోలు ఎక్కువ. నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, ఫ్రిజ్, వంటగట్టు, నాలుగింటినీ ఒకే పక్కన పెట్టారు మరి. కాగితం మీద గీసిన నమూనాలో అది చాలా అందంగా కనిపించింది. ఈ బరువుతో నడిపితే ఆ పక్క టైర్లు తొందరగా అరుగుతాయి, వంపుల్లో బండి ఒరుగుతుంది. బ్యాటరీల పెట్టెను ఎడమపక్క మంచం కిందికి మార్పించాక తేడా 60 కిలోలకు దిగింది. ఎవరైనా మోటర్‌హోమ్ కొనేముందు చేయవలసిన మొదటి పరీక్ష ఇదే అని నా అభిప్రాయం. దానికయ్యే ఖర్చు రెండు కాఫీల ఖర్చంత ఉండదు.

రెండో పరీక్ష ఘాటు. కడప నుంచి రాయచోటి పోయే దారిలోని గువ్వలచెరువు ఘాటు మాకు అందుబాటులో ఉంది. కోవా కోసం అందరూ ఆగే చోటు అదే, లారీలకు బ్రేకులు వేడెక్కి ప్రమాదాలు జరిగే చోటూ అదే. ఎక్కేటప్పుడు ఇంజను బలం తెలుస్తుంది, దిగేటప్పుడు బండి కట్టిన మనిషి పనితనం తెలుస్తుంది. మావారు మూడో గేరులో, అవసరమైన చోట రెండో గేరులో వదిలి, ఇంజను పట్టుతోనే దింపారు. బ్రేకుల వాసన రాలేదు. కాని మూడో వంపులో వంటగట్టు సొరుగు తనంతట తానే తెరుచుకుని, పోపుల డబ్బా కింద పడి, మూత ఊడి, ఆవాలన్నీ నేల మీద జారుతూ డ్రైవరు కాళ్ల దగ్గరికి వచ్చాయి. ఒక చిన్న స్టీలు గిన్నె దొర్లుకుంటూ వచ్చి బ్రేకు పెడలుకు జానెడు దూరంలో ఆగింది. ఆ గిన్నె ఇంకో జానెడు దొర్లి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలచుకుంటూ ఉంటాను. ఇళ్లలో వాడే అయస్కాంతపు క్యాచర్లు బండికి పనికిరావు. నొక్కితే బయటికొచ్చి, మళ్లీ నొక్కితే తాళంలా బిగుసుకునే బొత్తాం లాకులు వేయించుకోవాలి. మా బండిలో పదకొండు సొరుగులకూ తలుపులకూ అవే మార్పించాము. దాంతో పాటు డ్రైవరు సీటు వెనక నేల మీద నాలుగంగుళాల ఎత్తున ఒక అడ్డపట్టీ బిగించాము. ఏది దొర్లినా అక్కడే ఆగుతుంది.

ఇప్పుడు కరెంటు సంగతి. మా ప్రాంతంవాళ్లకు ఎండ గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. ఓర్వకల్లు పక్క వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు, నంబులపూలకుంటలో మరొకటి వచ్చాయంటే ఊరికే రాలేదు. అయితే బండి కప్పు మీద పట్టేది కొద్ది చోటే. మాకు 200 వాట్ల ప్యానెళ్లు మూడు పట్టాయి. వాటిని కప్పుకు అతికించకుండా రెండంగుళాల ఎత్తున బిగించమని పట్టుబట్టి చేయించుకున్నందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను. కింద గాలి ఆడితే ప్యానెళ్లు కొంత చల్లబడతాయి, కప్పుకు నీడ కూడా దొరుకుతుంది. సోలార్ ప్యానెల్‌కు వెలుగు కావాలి, వేడి కాదు. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ దాని ఉత్పత్తి దాదాపు మూడో వంతు శాతం చొప్పున తగ్గుతుంది, మండుటెండలో ప్యానెల్ ఒళ్లు 65 డిగ్రీలు దాటడం మామూలే. అనంతపురం అక్షాంశం దాదాపు 14.7 డిగ్రీలు కాబట్టి ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు నడుమ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అందువల్ల పడుకోబెట్టిన ప్యానెళ్లకు వేసవిలో నష్టం తక్కువ. డిసెంబరులో ఏటవాలు ఎండ వల్ల నష్టం ఎక్కువ. మే నెలలో రోజుకు సగటున 2.8 యూనిట్లు, డిసెంబరులో 2.1, ఆగస్టు మబ్బుల్లో 1.9 యూనిట్లు నమోదు చేశాను.

నిలువ చేయడానికి 12.8 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు ఉన్నాయి. ఒక్కొక్క దాంట్లో 2.56 యూనిట్లు. ఖర్చు తగ్గుతుందని వర్క్‌షాపువాళ్లు మొదట ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీలు పెడతామన్నారు. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఒకటి యాభై అయిదు కిలోలకు పైన తూగుతుంది. సగానికి మించి వాడితే ఆయుష్షు తరుగుతుంది కాబట్టి దాన్నుంచి తీసుకోదగింది ఒక యూనిట్ కన్నా తక్కువ. నాలుగు యూనిట్లు వాడాలంటే అలాంటివి అయిదైనా కావాలి, అంటే 275 కిలోలు దాటుతుంది. పైగా ఛార్జి అవుతున్నప్పుడు వాటినుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఆ పెట్టె మీద మంచం వేసుకుని పడుకోవడం ఏ మాత్రం మంచిది కాదు. మా లిథియం బ్యాటరీలు రెండూ కలిపి 48 కిలోలు. ఈ ఒక్క చోట ఎక్కువ డబ్బు పెట్టడం ముమ్మాటికీ సబబే.

వాటితోనూ ఒక చిక్కు వచ్చింది. 2024 మే మొదటి వారంలో తాడిపత్రి దగ్గర మిట్టమధ్యాహ్నం బయట ఎండ కాస్తూనే ఉంది, ఛార్జింగ్ మాత్రం సున్నాకు పడిపోయింది. ప్యానెళ్ల కరెంటును బ్యాటరీలకు పంపే కంట్రోలరు పోయిందేమో అనుకున్నాము. బ్యాటరీ పెట్టెలో థర్మామీటరు పెడితే 47 డిగ్రీలు చూపించింది. ఈ రకం బ్యాటరీలు కొన్ని 45 డిగ్రీలు దాటితేనే తమను తాము కాపాడుకోవడానికి ఛార్జింగ్ ఆపేస్తాయి. పెట్టెకు గాలి ఆడే రంధ్రం ఒక్కటీ పెట్టలేదు! పైనొకటి కిందొకటి జాలీ కోయించి, కంప్యూటర్లలో వాడే చిన్న 12 వోల్టుల ఫ్యాను బిగించాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. చలిదేశాల పద్ధతి చూసి బ్యాటరీని మూసిపెట్టేవాళ్లు మన సీమ ఎండను లెక్కలోకి తీసుకోవాలి.

ఏసీ గురించి అందరూ అడుగుతారు కాబట్టి స్పష్టంగా చెబుతాను. మా బండిలో ముప్పావు టన్ను ఇన్వర్టర్ ఏసీ ఉంది. రాత్రి ఆరు గంటలు నడిస్తే అది 3.6 నుంచి 4 యూనిట్లు తీసుకుంటుంది. ఫ్రిజ్‌కు వేసవిలో రోజుకు 0.8 యూనిట్లు, రెండు ఫ్యాన్లకు అర యూనిట్, దీపాలు, మిక్సీ, సెల్‌ఫోన్లు కలిపి ఇంకో 0.3 కలపండి. రోజుకు అయిదున్నర యూనిట్ల దాకా ఖర్చు, వచ్చేది 2.8. అంటే నిండు బ్యాటరీతో ఒక రాత్రి ఏసీ వేసుకోవచ్చు, రెండో రాత్రికి బయటి కరెంటు కావాలి. "సోలార్ మీదే ఏసీ రోజూ నడుస్తుంది" అని మాకు ముగ్గురు అమ్మకందారులు చెప్పారు. ముగ్గురినీ యూనిట్ల లెక్క కాగితం మీద వేసి చూపించమంటే ఒక్కరూ వేయలేదు. బయటి కరెంటు తీసుకునే చోట 15 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) తప్పనిసరి. ఇనుప బండిలో తడి కాళ్లతో తిరుగుతాము, ఎర్తింగు లేని సాకెట్‌కు తగిలించడం ప్రాణాలతో ఆట. నేను టెస్టరుతో ఎర్త్ చూడనిదే ప్లగ్గు పెట్టనివ్వను.

ఏసీ కన్నా మమ్మల్ని ఎక్కువ కాపాడింది గోడల లోపలి పని. రేకుకూ లోపలి పలకకూ మధ్య థర్మోకోల్ కాకుండా నల్లటి నైట్రైల్ రబ్బరు ఫోమ్ వేయించాము. అది వంపులకు అతుక్కుంటుంది, పొడిపొడిగా రాలదు. తెల్లరంగు కప్పు, కప్పులో గాలిని బయటికి లాగే పధ్నాలుగు అంగుళాల ఫ్యాను ఉన్నాయి. బయట 42 డిగ్రీలున్న మధ్యాహ్నం రెండింటికి, నడి ఎండలో నిలిపితే లోపల 39 ఉంది, చింతచెట్టు నీడలో నిలిపితే 35 ఉంది. ఆ నాలుగు డిగ్రీలను ఏ కంపెనీ అమ్మలేదు. కాబట్టి మే నెలలో మా ప్రయాణాలన్నీ చెట్టు నుంచి చెట్టుకే సాగాయి. నీడలో ఉంటే సోలార్ రాదన్నది నిజమే. ఉదయం పదింటి వరకు ఎండలో, ఆ తర్వాత నీడలో ఉంచడం మా పద్ధతి.

నీళ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. మంచినీళ్ల ట్యాంకు 120 లీటర్లు, అంటే 120 కిలోలు. ఇద్దరికీ వంట, గిన్నెలు, చెంబుతో స్నానం కలిపి రోజుకు 45 లీటర్లు పట్టింది కనుక రెండున్నర రోజులకొకసారి నింపాలి. తాగడానికి ఆర్‌ఓ ప్లాంటు క్యాను విడిగా ఉంచుకుంటాము. మా ప్రాంతపు బోరు నీళ్ల ఉప్పదనం తెలిసిందే. అనంతపురం వైపు పెట్రోలు బంకుల్లో పట్టిన నీళ్లకు నా టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) తరచుగా 900 దాటి చూపించింది. నాలుగు నెలలకే నీళ్ల మోటారు గసపోస్తున్నట్టు శబ్దం చేసింది. విప్పి చూస్తే లోపలి జల్లెడ మీద సున్నం పొర చిప్పలాగా పేరుకుని ఉంది. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లలో రాత్రంతా నానబెడితే పోయింది. ఇక్కడ వర్క్‌షాపువాళ్లను మెచ్చుకోవాలి. మోటారును వంటగట్టు కింద, రెండు స్క్రూలు తీస్తే చేతికందే చోట పెట్టారు. మేము చూసిన ఇంకో కంపెనీ బండిలో దాన్ని మంచం పలకకు శాశ్వతంగా మేకులు కొట్టిన చోట కింద పెట్టారు. మరుగుదొడ్డి క్యాసెట్ రకం, అంటే కింది పెట్టెను బయటికి లాగి ఖాళీ చేసేది, ఇద్దరికీ రెండు రోజులు వస్తుంది. దాన్ని ఖాళీ చేయడం గురించి మొహమాటపడేవాళ్లు ఈ జీవితానికి దిగకూడదు. బంకులోనో లాడ్జిలోనో అడిగి, వాళ్ల మరుగుదొడ్డిలోనే పోసి, కడిగి, పదో ఇరవయ్యో ఇచ్చి వస్తాము. కాలువలోనో చేను గట్టునో పారబోసేవాళ్ల వల్లే క్యారవాన్లను ఊళ్లలోకి రానివ్వని పరిస్థితి వస్తుంది.

వంటకు అయిదు కిలోల సిలిండరు వాడతాము, మాకు ఇరవై నాలుగు రోజులు వస్తుంది. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, లీకైతే నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. కాబట్టి సిలిండరు అరకు బండి లోపలికి సందు లేకుండా, అడుగున బయటికి తెరిచిన రంధ్రం ఉండాలి. మాకు మొదట ఇచ్చిన అరలో రంధ్రం పైభాగాన ఉంది. చూసిన వెంటనే బండి తీసుకోకుండా వెనక్కి పంపాను, రెండు రోజుల్లో సరిచేసి ఇచ్చారు.

అన్నిటికన్నా బాధపెట్టింది కప్పు కారడం. 2024 అక్టోబరులో ఒంటిమిట్ట దగ్గర రాత్రంతా వాన. తెల్లవారుజామున నా దిండు చెమ్మగా తగిలింది. కప్పు ఫ్యాను చట్రం చుట్టూ నీళ్లు దిగి, నైట్రైల్ ఫోమ్ వెనకగా పాకి, మంచం తలాపున ప్లైవుడ్ ఉబ్బింది. వర్క్‌షాపుకు ఫోన్ చేస్తే, "సిలికాన్ ఇంకో పూత వేసుకోండి మేడమ్" అన్నారు. అసలు తప్పే సిలికాన్. కదిలే బండిలో రేకు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, దారి కుదుపులకు మెలి తిరుగుతుంది. గట్టిపడిన సిలికాన్ అంచు ఒక చోట ఊడితే దానిమీద వేసిన కొత్త సిలికాన్ సరిగా అతుక్కోదు. మావారు ప్రొద్దుటూరులో ఒక బస్సు బాడీ షెడ్డులో చోటు అడిగి, చట్రం మొత్తం విప్పి, పాత సిలికాన్‌ను బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, చట్రం కింద బ్యూటైల్ టేపు (సాగే జిగురు పట్టీ) పరిచి బిగించి, అంచులకు పాలియూరిథేన్ సీలెంట్ వేశారు. సామానుకు 1,800 రూపాయలు, ఒక రోజు పని. షెడ్డు యజమాని చోటుకు డబ్బు తీసుకోలేదు, బస్సులకు ముప్పై ఏళ్లుగా తామూ అలాగే చేస్తున్నామని చెప్పి టీ ఇప్పించాడు. నవంబరు చివర ఫెంగల్ తుపాను వానలు రెండు రోజులు పట్టినా చుక్క కారలేదు. వర్క్‌షాపువాళ్లు ఉబ్బిన పలకను ఉచితంగా మార్చారు కాని, ఆ వారం రోజులు మేము అద్దెకిచ్చిన మా ఇంటి పైగదిలో గడిపాము. కొనే ముందు కప్పు ఎక్కి, ప్రతి రంధ్రం చుట్టూ ఏ పదార్థం వేశారో అడిగి తెలుసుకోండి. ఆ రోజు నేను నిచ్చెన ఎక్కడానికి బద్ధకించాను.

డబ్బు లెక్క. బండి, లోపలి పని, రిజిస్ట్రేషన్, బీమా కలిపి 29.4 లక్షలు. తర్వాత దిద్దుబాట్లకు 1.1 లక్షలు. డీజిల్‌కు నెలకు సగటున పదిహేను వేలు. బాగేపల్లి వైపు వెళ్లినప్పుడు కర్ణాటక బంకుల్లో ఆ రోజుల్లో లీటరుకు ఏడెనిమిది రూపాయలు తగ్గేది కనుక ట్యాంకు అక్కడే నింపేవాళ్లము. నెల మొత్తం ఖర్చు, తిండితో కలిపి, ముప్పై నాలుగు వేల దగ్గర నిలిచింది. ఇది కడపలో మా పాత ఇంటి ఖర్చు కన్నా ఎక్కువే. పొదుపు కోసం ఈ జీవితాన్ని ఎంచుకుంటామనేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి. దీర్ఘకాలం పక్క రాష్ట్రంలోనే ఉండిపోదామనుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి పన్నెండు నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంటే అక్కడి నంబరు తీసుకోవలసి ఉంటుంది.

ఇదే బడ్జెట్‌లో మళ్లీ కొనవలసి వస్తే, కింది బండి (షాసీ) మళ్లీ ఇదే తీసుకుంటాను. టీవీ, మైక్రోవేవ్, బయటి పందిరికి పెట్టిన మోటారు వద్దంటాను. వాటి డబ్బుతో మూడో బ్యాటరీ, రెండో కప్పు ఫ్యాను, ఇంకో 40 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించుకుంటాను. పని చేయించే వర్క్‌షాపు మా ఊరికి 150 కిలోమీటర్ల లోపల ఉండాలన్న షరతు పెట్టుకుంటాను, ఎందుకంటే తొలి ఏడాది అక్కడికి అయిదుసార్లు వెళ్లాల్సి వచ్చింది, ప్రతిసారీ రానూపోనూ రెండు రోజులు పోయాయి. మూడో బ్యాటరీకి, రెండో ఫ్యానుకు ఏప్రిల్ మొదటి వారంలో చోటు కోయిస్తున్నాము. ఈసారి నిచ్చెన నేనే ఎక్కుతాను.